రోజుకు పది మాటలు

"వేలు బాగా తుడుచుకొని పెట్టమ్మా," అని హిందీలో చెప్పి, పద్మనాభయ్య తువ్వాలు కొసతో హాజరు వేలిముద్ర మిషన్ అద్దాన్ని మరోసారి తుడిచాడు. ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. రొయ్యల ఫ్యాక్టరీ గేటు పక్కనున్న టైమాఫీసు కిటికీ ముందు ఆడవాళ్ళ వరస హాస్టల్ మెట్ల దాకా సాగింది. ఏళ్ళ తరబడి రొయ్యలు వలిచిన వేళ్ళు అవి. ఐసు నీళ్ళలో నాని, క్లోరిన్‌లో మునిగి, గీతలన్నీ అరిగిపోయి పాలిపోయినవి. మిషన్ వాటిని గుర్తుపట్టదు. మూడుసార్లు ఎర్రలైటు వెలిగితే ఆయన రిజిస్టరు తెరిచి పేరు చేత్తో రాసుకుంటాడు. ఆ ఉద్యోగం ఆయనకు దొరికింది కూడా అందుకే. వలిచేవాళ్ళలో సగంమంది జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ పేర్లు తప్పులేకుండా రాయగల మనిషి ఇందుకూరుపేట చుట్టుపక్కల ఆయన ఒక్కడే.

అరవై నాలుగేళ్ళు. సన్నటి మెడ. ఏ చొక్కా వేసినా కాలరు ఒక సైజు పెద్దదిగానే కనిపిస్తుంది. రాస్తున్నప్పుడు నాలుక కొస కొంచెం బయటికొస్తుంది, రాయడం అయిపోగానే లోపలికి పోతుంది. అక్షరాలు మాత్రం ముత్యాలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నెల్లూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో హిందీ పండితుడిగా బోర్డు మీద రాసిన చెయ్యి అది.

హిందీ ఆయన ఇష్టపడి ఎంచుకున్నది కాదు. చిన్నప్పుడు గంగపట్నంలో ఒక హిందీ అయ్యవారు సాయంత్రాలు ఉచితంగా చెప్పేవాడు. పొలం పనికి పోకుండా తప్పించుకోవచ్చని వెళ్ళి కూర్చున్నాడు. హిందీ పరీక్షల్లో ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు. సర్కారు పోస్టులు పడ్డ ఏడాది దరఖాస్తు మూడుసార్లు రాశాడు. మొదటిదానిలో ఒక కొట్టివేత ఉందని, రెండోదానిలో సంతకం వంకరగా పడిందని. మూడోది తీసుకొని ఆఫీసుకు చేరేసరికి గడువు దాటి పావుగంటయింది. ఆ పావుగంట ఆయన్ని ప్రైవేటు స్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చోబెట్టింది. పదో తరగతిలో హిందీకి ఇరవై మార్కులొస్తే పాసు. పిల్లలు ఆ ఇరవై కోసం తప్ప ఆయన మొహం వైపు చూసేవాళ్ళు కారు. కరోనా ఏడాది స్కూలు మూతపడింది. పింఛను లేదు. ఎవరో చెబితే ఇక్కడికి వచ్చాడు.

విచిత్రమేమంటే, హిందీ మాట్లాడే మనుషులు ఆయనతో మాట్లాడటం ఇక్కడే మొదలు. చేరిన మొదటిరోజు ఆయన సూచనలన్నీ చదివి వినిపిస్తే, వరసలో ఆడవాళ్ళు చేతులడ్డం పెట్టుకొని నవ్వారు. రేడియోలో వార్తలు చదివినట్టుందట. ఆ నెలలోనే, జ్వరమొచ్చిన ఒకమ్మాయిని తీసుకొచ్చిన ఆమె మరిదిని, 'ఈమెకూ మీకూ సంబంధమేమిటి' అని పుస్తకంలో ఉన్నట్టుగా అడిగాడు. ఆ కుర్రాడి మొహం కందగడ్డయింది. వాళ్ళలో ఆ మాటకు పక్క పంచుకోవడమనే అర్థం కూడా ఉందని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటినుంచి పద్మనాభయ్య హిందీలో ఏది మాట్లాడాలన్నా ముందు లోపల ఒకసారి చదువుకొని గాని నోరు తెరవడు.

వరస చివర్లో సుమంతీ లక్డా వచ్చింది. తెల్లకోటు, నెత్తికి టోపీ, ఆ కోటు కింద స్వెట్టరు. బయట ఉక్కపోస్తున్నా లోపల హాల్లో వేళ్ళు కొంకర్లు పోయే చలి. చామనఛాయ, వెడల్పు నుదురు, ఎడమ కనుబొమ చివర చిన్న గాటు. మిషన్ ఆమెనూ గుర్తుపట్టలేదు. ఆయన రిజిస్టరులో రాసుకున్నాడు. కాంట్రాక్టరు మనుషులు మొదట్లో ఆమె పేరు 'సుమతి' అని రాసుకొచ్చారు. లోపలి ఆ సున్నను నిలబెట్టింది ఆయనే.

"పేపరు వచ్చిందా సార్?" అని అడిగింది ఆమె.

"వచ్చింది. టీ టైముకు రా."

వచ్చిందంటే నిన్నటిది. మేనేజరు నరేంద్రబాబుకు ఇంగ్లీషు పేపరు రోజూ నెల్లూరు బస్సులో వస్తుంది. ఆయన వార్తలు ఫోన్లో చూసుకుంటాడు కాబట్టి పేపరు మడత విప్పకుండానే మర్నాటికి టైమాఫీసు చేరుతుంది. వార్త ఒకరోజు పాతదైతే మాటకేం, మాట పాతబడదు గదా అనేవాడు పద్మనాభయ్య.

పదింపావుకు సైరను మోగింది. టైమాఫీసు వెనక రేకుల నీడలో ఒక బల్ల ఉంది. పావుగంట సమయం. సుమంతి చేతులు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసుకొని, కోటు జేబులోంచి చిన్న పుస్తకం తీసింది. ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. గుమ్లా దగ్గర ఏదో పల్లె. బి.ఏ. చదివింది. కేంద్ర ప్రభుత్వ గుమాస్తా పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ ఇంగ్లీషులోనే పోగొట్టుకుంది. లెక్కల్లో, జనరల్ నాలెడ్జిలో ఆమెకు ఢోకా లేదు. ఇంగ్లీషులో పెద్దపెద్ద మాటలిచ్చి వాటి అర్థమేదో నాలుగింట్లో గుర్తించమంటారు. అవన్నీ పేపరు సంపాదకీయాల్లోంచే ఏరతారని ఆమెకు ఎవరో చెప్పారు. వయసు ప్రకారం ఈసారే ఆఖరు. పరీక్ష కేంద్రం నెల్లూరు అని పెట్టుకుంది. ఇంకా పందొమ్మిది రోజులుంది.

పద్మనాభయ్యకు ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషు-హిందీ నిఘంటువు ఒకటి కొనుక్కొని, స్కూల్లో ఖాళీ పీరియడ్లన్నీ దానితో గడిపాడు. అది ఎందుకూ పనికిరాలేదు. పదినెలల కిందట ఈ పిల్ల కిటికీ దగ్గర నిలబడి, మీ దగ్గర ఇంగ్లీషు పేపరుంటుందా అని అడిగే దాకా పనికిరాలేదు. అప్పటినుంచి రోజుకు పది మాటలు.

ఆ రోజు సంపాదకీయం రొయ్యల ఎగుమతుల మీద. అది చూసి ఇద్దరికీ కొంచెం ముచ్చటేసింది, తెలిసిన ఊరి పేరు పేపర్లో కనబడ్డట్టు. పద్మనాభయ్య పెన్ను మూతతో వరసవరసా నడుపుతూ ఒక మాట దగ్గర ఆగాడు.

"'బెలీగర్డ్.' అంటే సంకటగ్రస్త్."

సుమంతి రెండు క్షణాలు ఆలోచించింది. "బెలీ అంటే పొట్ట. దాని చుట్టూ ఘేరా. అన్నివైపులా ముట్టడించారు. అంతేనా సార్?"

ఆయన నవ్వాడు. ఇలా ప్రతి ఇంగ్లీషు మాటకూ ఒక హిందీ కొక్కెం తగిలించడం ఆమె పద్ధతి. 'మిటిగేట్'కు మిటానా. చెరిపేసినంత కాకపోయినా తగ్గించడం. కొక్కేనికి తగిలిన మాట మళ్ళీ జారదు.

"'బేర్ ద బ్రంట్.' ఆఘాతంలోని ముఖ్య భాగాన్ని సహించుట," అని ఆయన హిందీలో గంభీరంగా చెప్పాడు.

"మార్ ఝేల్నా," అంది సుమంతి.

"ఏమన్నావ్?"

"మేం అట్లా అంటాం సార్. దెబ్బ ఎవరో కొడతారు, తగిలేది మాత్రం మనకు. మార్ ఝేల్నా."

ముప్ఫై ఒక్క ఏళ్ళు హిందీ చెప్పిన మనిషి జేబులోంచి రెండో పెన్ను తీసి ఆ మాటను తన పుస్తకంలో రాసుకున్నాడు. తొమ్మిది మాటలయ్యేసరికి సైరను మోగింది. పదోదాని కింద గీత గీసి, రేపు చూద్దామన్నాడు. వాళ్ళు మాటలు ఏరుకున్నారు గాని, ఆ వ్యాసం ఏం చెబుతోందో ఇద్దరిలో ఒక్కరూ చదవలేదు.

పదకొండున్నరకు సూపర్‌వైజరు జడ్సన్ కిటికీలో తల పెట్టాడు. నలభై ఏళ్ళ లావుపాటి మనిషి, చెమట తుడుచుకోవడం కూడా మానేసిన మనిషి.

"అయ్యోరా, ఒక జాబితా కావాల. జార్ఖండ్ బ్యాచీ అంతా, అరవై రెండుమంది. పేరు, ఊరు, హాస్టల్ గది నంబరు. రెండు కాపీలు."

"ఎందుకు నాయనా?"

"సాయంత్రం రాంచీ మీదుగా పొయ్యే ధన్‌బాద్ బండికి పంపిస్తాండారు. రెండు లైన్లు ఆపేస్తాండారు గదా."

"ఉన్నట్టుండి ఇదేంది?"

జడ్సన్ ఆయన్ని వింతగా చూశాడు. "ఉన్నట్టుండి ఏంది అయ్యోరా! రోజూ ఆ పేపరు ముందేసుకోని కూసుంటారే. అమెరికావోడు సుంకం యాభై శాతానికి ఎక్కించినాడు. మన సరుకు కొనేవోడు ల్యా. కోల్డు స్టోరేజీలో పెట్టిన డబ్బాలు పెట్టినట్టే ఉండాయి. మూణ్ణాలుగు వారాల నుంచి అందురూ అనుకునేదే."

పద్మనాభయ్య బల్ల మీది పేపరు వైపు చూశాడు. 'బెలీగర్డ్' కింద గీత, 'బ్రంట్' కింద గీత. మొదటిసారి ఆ వ్యాసాన్ని పైనుంచి కింద దాకా చదివాడు. అందులో అంతా ఉంది. తీరప్రాంతపు ప్లాంట్లు, తగ్గించే షిఫ్టులు, ముందుగా ఇంటిదారి పట్టేది వలస కూలీలని కూడా ఉంది. అంతకు ముందురోజు పేపరు తీశాడు. దానిలోనూ ఉంది. దాని కిందది తీయలేదు.

జాబితా రాశాడు. ఆయన రాయకపోతే ఇంకెవరో తప్పుల్తో రాస్తారు. ముప్ఫై ఎనిమిదో పేరు దగ్గర నాలుక కొస బయటికొచ్చింది. సుమంతీ లక్డా, గుమ్లా, గది నంబరు పదకొండు. రెండో కాపీలోనూ అంతే పొందికగా పడింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా నరేంద్రబాబు గదికి వెళ్ళాడు. ఆ మేనేజరు చెడ్డవాడు కాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"ఒక్కమ్మాయిని ఇరవై రోజులు ఉంచుకుంటే చాలు సార్. పరీక్ష ఉంది. పని ఇవ్వకపోయినా సరే, హాస్టల్లో ఒక మూల..."

"పెద్దోరు మీరు, మీరడిగితే నాకూ కష్టంగానే ఉంటది. హాస్టలే మూసేస్తాండామండీ. ఒకర్ని ఉంచితే మిగతా అరవై ఒక్కమందికి నేనేం చెప్పాల?" అని ఆగి, "నా సంగతే వచ్చేనెల ఏందో తెలీదు," అన్నాడు.

బయటికొచ్చాక ఆయనకు ఆ ఆలోచన తట్టింది. మా ఇంట్లో ఉంటే? రెండు గదుల ఇల్లు. తనూ, భార్య స్వర్ణా. వరండాలో ఒక మంచం వేస్తే సరిపోతుంది. పరీక్షరోజు తనే మోపెడ్ మీద నెల్లూరు తీసుకుపోవచ్చు. అది ఎంత తేలిగ్గా తట్టిందంటే, ఆయన నాలుగడుగులు గబగబా హాస్టల్ వైపు వేశాడు కూడా.

హాస్టల్ ముందు రేకు పెట్టెలు, బకెట్లు, దుప్పటి మూటలు పేర్చి ఉన్నాయి. సుమంతి ఒక మూట కట్టడానికి ఇంకో అమ్మాయికి సాయం చేస్తోంది. నెత్తిన టోపీ లేదు. జుట్టు ఇంత పొడుగుందని ఆయనకు అప్పుడే తెలిసింది. నలుగురైదుగురు మగవాళ్ళు గోడకు ఆనుకొని చూస్తున్నారు.

పద్మనాభయ్య ఆగిపోయాడు. 'మా ఇంటికి వచ్చి ఉండు.' హిందీలో లోపల చదువుకున్నాడు. ముసలివాడు, పదిమందిలో, ఒంటరి ఆడపిల్లతో. ఆ మాట ఎలా వినబడుతుంది? 'మా ఇంట ఆశ్రయం పొందుము.' రేడియో. 'మాతో పాటు నివసించు.' ఇంకా అన్యాయం. ఆ మరిది కుర్రాడి ఎర్రబడ్డ మొహం కళ్ళముందు కదిలింది. 'నా భార్య నిన్ను రమ్మంటోంది' అంటే బాగుంటుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే ముందు భార్యను అడగాలి.

టైమాఫీసుకు తిరిగొచ్చి ఫోన్ చేశాడు. స్వర్ణ ఎత్తలేదు. ఫోన్ ఇంట్లో చార్జింగుకు పెట్టి ఆవిడ పక్కింట్లో ఉంటుంది, మామూలే. మళ్ళీ చేశాడు. ఈలోగా జడ్సన్ వచ్చి, వ్యాన్లు నాలుగింటికని చెప్పి జాబితా తీసుకుపోయాడు. కాంట్రాక్టరు మనిషి వచ్చి గేటు పాసులు రాయమన్నాడు. అరవై రెండు పాసులు. రాస్తూ మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడున్నరకు వ్యాన్లు వచ్చి హాస్టల్ వెనక గేటు దగ్గర ఆగిన చప్పుడు వినిపించింది. నాలుగుకు గాని కదలవని జడ్సన్ చెప్పాడు గదా అనుకున్నాడు.

నాలుగుకు పది నిమిషాలుందనగా స్వర్ణే ఫోన్ చేసింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పిల్ల ఎవరు, ఏ ఊరు, ఏం పరీక్ష, ఎంత బుద్ధిమంతురాలు. ఆవిడ మధ్యలోనే అందుకుంది.

"దానికింత పురాణమెందుకండీ! ఇరవై రోజులు కప్పెడన్నం తింటే మన కుండ తరిగిపోద్దా? తీసకరాండి. ఆ పిల్ల కారం తింటదో లేదో కనుక్కోండి ముందు."

ఆయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని పరిగెత్తాడు. అరవై దాటాక ఆయన పరిగెత్తడం అదే మొదలు. హాస్టల్ చుట్టూ తిరిగి వెనక గేటుకు వచ్చేసరికి వాచ్‌మన్ హజరత్తయ్య గొలుసు వేస్తున్నాడు.

"యాడ అయ్యోరా, ఇప్పుడే పాయిరి. రైలుకి ట్రాఫిక్కు ఉంటదని ముందే తోలుకుపోయినారు."

మైపాడు రోడ్డు మీద వ్యాన్లు కనబడలేదు. దుమ్ము కూడా అణిగిపోయింది. పద్మనాభయ్య గోడ పట్టుకొని ఊపిరి తీసుకున్నాక సుమంతి నంబరుకు చేశాడు. రెండు రింగులకే ఎత్తింది. వెనక ఇంజను మోత, ఎవరో పిల్ల ఏడుపు.

"నెల్లూరు స్టేషన్లో దిగి అక్కడే ఉండు. నేను వస్తున్నాను. నా భార్య నిన్ను ఇంటికి రమ్మంటోంది. పరీక్ష దాకా ఉండొచ్చు," అన్నాడు. హిందీ వాక్యంలో లింగం తప్పింది. ఆయన గమనించలేదు.



"మా ఆధార్ కార్డులన్నీ కాంట్రాక్టరు సంచిలో ఉన్నాయి సార్. రాంచీలో దిగాకే ఇస్తాడు. అడిగాను. అందర్నీ అప్పగించేదాకా ఎవ్వరికీ ఇవ్వడట." ఆమె గొంతులో ఏడుపేమీ లేదు. రొయ్య పొట్టు ఎలా తీయాలో కొత్తవాళ్ళకు చెబుతున్నట్టు చెప్పింది. "కార్డు లేకుండా పరీక్ష హాల్లోకి రానివ్వరు గదా."

"పోనీ రాంచీ నుంచి మళ్ళీ..."

"మళ్ళీ ఇంతదూరం ఎవరు పంపుతారు సార్."

ఆయనకు ఫోన్ పెట్టెయ్యాలనిపించలేదు. ఆమె కూడా పెట్టెయ్యలేదు.

"పదో మాట ఏమిటి సార్? కింద గీత గీశారు."

"'రికోర్స్,'" అన్నాడు. ఒక్కొక్క అక్షరం విడివిడిగా చెప్పాడు. "అంటే సహారా. ఏ దిక్కూ లేనప్పుడు మనిషి పట్టుకోడానికి దొరికేది. వాక్యం చెయ్యి."

ఆమె ఆలోచించింది. వ్యాన్ ఏదో గుంతలో పడి లేచిన చప్పుడు.

"ద పూర్ హ్యావ్ నో రికోర్స్ ఫర్ లా."

"'ఫర్' కాదమ్మా, 'టు'. రికోర్స్ టు లా."

"టు లా," అంది. "సరే సార్. రాసుకుంటాను." తర్వాత వంతెన వచ్చిందో ఏమో, మాట తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. ఇంకోసారి చేయలేదు.

అయిదింటికి రెండో షిఫ్టు సైరను మోగింది. వరసలో ఇరవైమంది కూడా లేరు, అందరూ చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, ఎక్కువమంది ప్యాకింగు పనివాళ్ళు. మిషన్ చాలామంది వేళ్ళను గుర్తుపట్టింది. పద్మనాభయ్య రిజిస్టరులో అరవై రెండు గళ్ళలో అడ్డగీత గీసి, ఆ గీత మీద తేదీ వేసి, సంతకం పెట్టాడు. సంతకం వంకరపోయింది. దాన్ని అలాగే వదిలేశాడు.

స్వర్ణ మళ్ళీ ఫోన్ చేసింది. "ఏందండీ, వస్తాండారా ఇద్దరూ? మంచం తుడిచి వరండాలో ఏసినా."

"నేనొక్కణ్ణే వస్తాండా," అన్నాడు.

పొద్దు వాలాక మోపెడ్ తీసుకోవడానికి హాస్టల్ పక్కకు వెళ్ళాడు. గదుల తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. హజరత్తయ్య చీపురు పట్టుకొని ఒక్కొక్క గదీ ఊడ్చుకుంటూ వస్తున్నాడు. సుమంతి ఉన్న పదకొండో గది కిటికీకి దండెం తాడు కట్టి ఉంది, దాని రెండో కొస కరెంటు స్తంభానికి. దాని మీద బట్టలేవీ లేవు, ఒక్క జత ఉన్ని మేజోళ్ళు తప్ప. చలి హాల్లో గమ్‌బూట్ల లోపల వేసుకునేవి. మడమల దగ్గర చిరిగితే వేరే రంగు దారంతో దగ్గర దగ్గరగా కుట్టిన కుట్లు. ఆరలేదని వదిలేసి ఉంటారు. సముద్రపు గాలికి అవి ఒకదాన్నొకటి తాకుతూ, వేళ్ళ దగ్గర ఇంకా చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి.